అలాతచక్రమూ, కంప్యూటరు తెరా

కాలేజీకి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో ఈ మధ్య ఒక కొత్త తగవు వినవస్తున్నది. "144 హెర్ట్జుల మానిటరు కొంటేగాని లాభం లేదు" అంటాడు కుమారుడు. "ఉన్నదానిలో బొమ్మ కనబడటం లేదుట్రా?" అంటారు తండ్రిగారు. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ సగం సగం నిజమున్నది.

తెలుగు మేష్టారికి ఈ గొడవ ఎందుకని మీకు తోచవచ్చు. కొరివిని చీకట్లో గిరగిర తిప్పితే నిప్పుల చక్రం కనబడుతుంది. నిజానికి చక్రం లేదు. ఉన్నది ఒక్క నిప్పుకణిక. దానినే మనవారు అలాతచక్రమన్నారు. గౌడపాదాచార్యులవారు మాండూక్య కారికలలో ఒక ప్రకరణానికి అలాతశాంతి అనే పేరు పెట్టారు. ఆయన చెప్పింది వేదాంతం. మనకిక్కడ కావలసింది కంటిని మాయచేసే ఆ కిటుకు.

వెనుకటి డబ్బా మానిటర్లలో జరిగింది ఇదే. ఎలక్ట్రానుల కిరణం తెరను పైనుంచి కిందికి వరుసలుగా గీస్తూపోతుంది. గీసినచోట వెలుగు పుట్టి, ఇట్టే ఆరిపోతుంది. సెకనుకు ఎన్నిమార్లు గీస్తే అన్ని హెర్ట్జులన్నమాట. 60 మార్లయితే చాలామందికి తెర అదురుతున్నట్టుండి కళ్ళు అలసిపోయేవి. 85కు పెంచితే కుదుటపడేవి.

ఇప్పటి ఎల్.సి.డి. పలక తెరల స్వభావం వేరు. తరువాతి బొమ్మ వచ్చేదాకా ముందటిది ఆరకుండా నిలిచివుంటుంది. కాబట్టి 60 వద్ద కూడా అదురు లేదు. కాని పరుగెత్తే బంతిని కన్ను వెంబడిస్తూ వుంటే, తెరమీది బంతి మాత్రం 16.7 మిల్లీసెకన్లపాటు ఒక్కచోటనే నిలబడుతుంది. అందువల్ల అది అలుక్కుపోయినట్టు కనబడుతుంది. హెర్ట్జులు పెరిగినకొద్దీ ఈ అలుకు తగ్గుతుంది.

పలక తెరలలోనూ జాతులున్నవి. టి.ఎన్. రకం చురుకైనది, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతవి. ఐ.పి.ఎస్. రకానికి రంగులు నమ్మకం. వి.ఎ. రకంలో నలుపు చిక్కన. అయితే చీకటి దృశ్యాలలో కదిలే వస్తువు వెనుక తోకలాంటి నీడ తరచుగా కనబడుతుంది. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనంత తానే దీపం. తోక దాదాపు వుండదు గాని, ఒకే బొమ్మను చిరకాలం నిలిపితే దాని మచ్చ మిగిలిపోయే ప్రమాదమున్నది.

ఇక అసలు సంగతి. బొమ్మ గీసేది గ్రాఫిక్సు కార్డు. చూపించేది మాత్రమే మానిటరు. సెకనుకు 40 బొమ్మలు గీయగల కార్డుకు ఎంత ఖరీదైన తెర తగిలించినా 41వ బొమ్మ పుట్టదు. తండ్రిగారి పక్షం ఇది.

కుమారుని పక్షం వినండి. కార్డు బొమ్మ ఇచ్చే వేళా, తెర మార్చుకొనే వేళా కలవకపోతే పై సగం ఒక బొమ్మది, కింది సగం మరొకదానిదీ అయి, తెర చిరిగినట్టు కనబడుతుంది. అది తప్పించటానికి వి-సింక్ అనే కట్టుబాటు పెట్టారు. రేవులో లాంచీని తలుచుకోండి. 60 హెర్ట్జులంటే 16.7 మిల్లీసెకన్లకొక లాంచీ. బొమ్మ 17 మిల్లీసెకన్లకు తయారైతే రెప్పపాటులో లాంచీ తప్పిపోయినట్టే, 33.3 దాకా పడిగాపులు. ఒకటి గీస్తూ ఒకటి చూపిస్తూ రెండే పలకలతో నడిచే పద్ధతిలో, సెకనుకు 58 బొమ్మలు గీయగల కార్డు 30 మాత్రమే చూపగలుగుతుంది! అదే 144 హెర్ట్జులయితే 6.9 మిల్లీసెకన్లకొక లాంచీ. మూడవది దొరుకుతుంది, 48 బొమ్మలు కనబడతవి. కార్డు అదే, ఫలితం వేరు.

లాంచీయే ప్రయాణీకుని కోసం ఆగితే? ఎన్‌విడియావారు 2013లో ప్రకటించిన జి-సింక్, 2015లో మానిటర్లతో బజారుకు వచ్చిన ఎ.ఎం.డి. వారి ఫ్రీసింక్ చేసే పని అదే. తన పరిధిలో తెర కార్డు నడకకు తన నడక కలుపుతుంది.

చుక్కల లెక్కా మరువరాదు. 1920 × 1080 తెరకు 20,73,600 చుక్కలు. 3840 × 2160 తెరకు 82,94,400, సరిగ్గా నాలుగింతలు. కార్డు మోయవలసిన బరువు ఆ మేరకు పెరుగుతుంది. బొమ్మ నున్ననవుతుందని ఆశపడి దీనిని కొంటే, ఆట నత్తనడక పట్టవచ్చును.

మా వీధిలో ఒక అమ్మాయి యానిమేషను నేర్చుకుంటూ, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో 144 హెర్ట్జుల మానిటరు కొనుక్కున్నది. రెండు నెలలైనా తేడా తెలియక, డబ్బు వృథా చేశానని లోలోపల కుమిలిపోయింది. చూద్దుము కదా, కంప్యూటరులోని డిస్‌ప్లే అమరికలో 60 అనే వున్నది! 144కు మార్చగానే తెరమీది బాణం గుర్తు నీటిలో చేపలా జారింది. ఆ పిల్ల ముఖం చూడవలసిందే. ఇటువంటి తెర కొన్నవారు ముందుగా ఆ అమరిక చూసుకోవాలి. కేబులు సంగతి కూడా అంతే, పాత హెచ్.డి.ఎం.ఐ. 1.4 దారిలో 3840 × 2160 బొమ్మ సెకనుకు 30 మార్లకు మించి పోదు.

60 నుంచి 144కు పోతే ఒక్కొక్క బొమ్మ నిలిచే కాలం 9.7 మిల్లీసెకన్లు తగ్గుతుంది. 144 నుంచి 240కి పోతే తగ్గేది 2.8 మాత్రమే. మొదటి మెట్టు ఎవరి కంటికైనా ఆనుతుంది. రెండవది ఆటలలో పండిపోయినవారికి. ఉత్తరాలూ పద్దులూ రాసుకొనేవారికి 60 చాలును. రంగులతో పనివున్నవారు హెర్ట్జులకన్న ముందు ఐ.పి.ఎస్. అవునో కాదో అడగాలి. ఆటల కోసం పట్టుబట్టే కుమారుణ్ణి మాత్రం తండ్రిగారు ఒక్క ప్రశ్న వేయవచ్చు: "నీ కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తున్నదిరా?" ఆ లెక్క చేతికి వచ్చిన తరువాతనే దుకాణానికి బయలుదేరటం మంచిది.