రిపోర్టులో నార్మల్, మనిషికి ఎక్కువ

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు ముందు వెతికేది బోల్డు అక్షరాల్లో ఉన్న అంకెల కోసం. అవి లేకపోతే ఇక డాక్టరుకు చూపించడం ఎందుకులే అనుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తాం. చిక్కంతా అక్కడే. కుడిపక్క గడిలో అచ్చయ్యే ‘నార్మల్’ హద్దులు ల్యాబుకు వచ్చే అందరికీ ఒక్కటే. గుండెకు ఉన్న ముప్పు మాత్రం అందరికీ ఒక్కటి కాదు.

చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 98 వచ్చిందనుకోండి. బీపీ, షుగరు లేని, పొగతాగని ముప్ఫయ్యేళ్ల మనిషికి అది మంచి అంకె. అదే అంకె, స్టెంట్ వేయించుకున్న మనిషికి చాలా ఎక్కువ. అలాంటివారికి 55 లోపు ఉండాలనీ, షుగరు వంటివి ఉండి ముప్పు ఎక్కువైనవారికి 70 లోపు ఉండాలనీ కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. అందుకే మంచి డాక్టరు రిపోర్టు కంటే ముందు మనిషిని చదువుతాడు. సిగరెట్టు అలవాటుందా? నాన్నకో అన్నకో 55 ఏళ్లలోపే గుండెపోటు వచ్చిందా? థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్ష కూడా రాస్తాడు.

ఇంకో సంగతి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగడతాయి. 1972లో ఫ్రైడ్‌వాల్డ్ బృందం ఇచ్చిన సూత్రం అది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేయాలి. మొత్తం 210, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 240 అయితే, 210లోంచి 38, 48 పోగా 124 మిగులుతుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు. మన దేశంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉండేవాళ్లకు కొదవలేదు గనక దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అలాంటప్పుడు మొత్తంలోంచి ఒక్క హెచ్‌డీఎల్‌నే తీసేసి చూడటం మేలు. ఇక్కడ 172. దీని హద్దు, ఎల్‌డీఎల్ హద్దుకు 30 కలిపినంత. ఈ అంకె కోసం పరగడుపున పోనక్కర్లేదు.

ఎల్‌డీఎల్ తగ్గడానికి డాక్టరు రాసే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాక ఒకటి నుంచి మూడు నెలల్లోపు మళ్లీ రక్తం ఇవ్వాలి. చాలామంది విషయంలో కథ అడ్డం తిరిగేది ఆ రెండో రిపోర్టు దగ్గరే. ‘నార్మల్‌కొచ్చేసింది కదండీ’ అని మాత్ర మానేస్తారు. జ్వరం బిళ్లలా వాడి వదిలేసే మందు కాదది. కాలేయం కొలెస్ట్రాల్ తయారుచేసుకునే ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. దాంతో కాలేయం తన కణాల మీద ఎల్‌డీఎల్ గ్రాహకాలను పెంచి, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఈ గ్రాహకాల గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మాత్ర ఆపితే కొద్ది వారాల్లో అంకె పాత చోటికే చేరుతుంది.

మానేయడానికి మరో కారణం ఒళ్లునొప్పులు. కండరాలు నిజంగా దెబ్బతినడం అరుదే అయినా ఉంది, సీపీకే పరీక్షలో తేలుతుంది. అయితే స్టాటిన్ పడక మానేసిన 60 మందికి లండన్‌లో కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయని 2020లో తేలింది. బాధలు అబద్ధం కావు, వాటికి కారణం మాత్రం చాలావరకు మందు కాదు. ఎవరి లెక్కలు వాళ్లకు చూపించాక, ఆ 60 మందిలో సగం మంది మళ్లీ స్టాటిన్ వేసుకోసాగారు.