ఊరకయున్న ట్రాక్టరు సంరక్షణము

ఎద్దులు పనిలేక కొట్టములో నున్నను మనము మేత వేయుట మానము. కాని సంఘమువారి ట్రాక్టరు రబీ పనులు ముగిసి చావడి ప్రక్క నిలిచినది మొదలు తొలకరివరకు దానివంక చూచువారుండరు. పని చేయనిది అరుగదు గదా యని మనవారి నమ్మకము. అరుగదు, నిజమే, కాని చెడును. అరుగుట పనివలన, చెడుట చెమ్మవలనను, ఎండవలనను, ఎలుకలవలనను కలుగును. మృగశిర కార్తెలో పదును దొరికిన దినమున బండి కదలనిచో, మరమ్మతు ముగియులోపల పదునే ఆరిపోవును. అట్టి నష్టము రాకుండుటకు చేయవలసిన పనులను సభ్యులకు మనవి చేయుచున్నాము.

బండిని నిలుపుటకు ముందు మట్టియు గడ్డియు కడిగి ఆరనీయవలెను. ఇంజను వేడిగా నుండగనే పాత నూనెను దించి, ఫిల్టరు మార్చి, క్రొత్తనూనె పోసి కొలది నిమిషములు నడపవలెను. వాడిన నూనెలో చేరిన ఆమ్లములును చెమ్మయు నెలల తరబడి లోపలి భాగములను తినివేయును. గ్రీజు పెట్టు చోట్లన్నిట గ్రీజు పెట్టవలెను. నాగలిని విప్పి, హైడ్రాలిక్ చేతులను క్రిందికి దించవలెను.

డీజిలు ట్యాంకును నిండుగా నుంచవలెను. వెలితిగా నున్న ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడగా అందలి చెమ్మ బొట్లుగా మారును. నీరు డీజిలుకంటె బరువగుటచే అడుగున చేరి తుప్పు పట్టించును. అందు సూక్ష్మక్రిములు పెరిగి జిగురువంటి మడ్డితో ఫిల్టరును మూసివేయును.

బ్యాటరీ ఊరకున్నను శక్తిని కోల్పోవుచుండును. వేడిచోట మరింత త్వరగా కోల్పోవును. కనుక ముందు నెగటివు తీగను, పిమ్మట పాజిటివు తీగను విప్పి నీడను ఉంచవలెను. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12.4కు దిగినచో ఛార్జి చేయించవలెను. లేనియెడల పలకలపై సీసపు లవణము గట్టిపడి బ్యాటరీ మరల కోలుకొనదు. అందు పోయునది స్వేదజలమే గాని బావినీరు కారాదు.

టైర్లకు నీడ ముఖ్యము. ఇరుసుల క్రింద గట్టి దిమ్మలు పెట్టి, బరువు టైర్లపై పడకుండ చేయుట మేలు. హ్యాండుబ్రేకు బిగించి విడువరాదు, అది పట్టుకొనిపోవును. చక్రములకు కొయ్యలు అడ్డువేసిన చాలును. క్లచ్ పెడలును నొక్కి చెక్కతో నిలిపినచో పళ్లెము తుప్పుపట్టి అంటుకొనదు. పొగగొట్టమును, గాలి లోనికి పోవు నోటిని కప్పి, ఆ సంగతి చీటి వ్రాసి స్టీరింగునకు కట్టవలెను. ధాన్యమును, గోనెసంచులను దాపున ఉంచినచో ఎలుకలు చేరి తీగలు కొరుకును.

వారమునకొకసారి ఐదు నిమిషములు స్టార్టుచేసిన చాలునని కొందరందురు. అది మేలుకన్న కీడే. ఇంజను చక్కగా వేడెక్కకమునుపే ఆపినచో లోపల పుట్టిన చెమ్మ ఆవిరిగా పోక నూనెలో నిలిచిపోవును. స్టార్టునకు ఖర్చైన శక్తి బ్యాటరీకి తిరిగి చేరదు. నడపదలచినచో మూతలును దిమ్మలును తీసి, నెలకొకసారి అరగంటసేపు కొంత బరువు లాగించి నడపవలెను. అట్లు కానిచో పైన చెప్పినట్లు కట్టుదిట్టము చేసి కదపకుండుట మంచిది.

పదిమంది చేతిలో పడిన పాము చావదను సామెత సంఘపు బండికి చక్కగా తగును. కావున ఈ పనికి ఒక్క సభ్యుని పేరు తీర్మానములో వ్రాయుడు. చేసిన పనియు తేదియు ఒక పుస్తకములో ఎక్కించుడు. రోహిణి కార్తెలోనే మూతలు తీసి, ఫిల్టరు అడుగు మర వదలించి నీరు దించి, బ్యాటరీ బిగించి, టైర్లకు గాలి నింపి, బండిని ఒకమారు పొలమువరకు నడిపి చూడుడు. లోపమేదైన నున్నచో అప్పుడే బయటపడును; సరిదిద్దుకొనుటకు వ్యవధియు ఉండును. వాన మనకొరకు ఆగదు గదా!