ఊరు విడిచినవారు, ఊరి పనులు

గ్రామపెద్దలారా! కుప్పము రైలుస్టేషనులో తెల్లవాఱుజామున బెంగుళూరు బండికై కాచుకొను కూలిజనమును మీరు చూచియే యుందురు. పుంగనూరు, మదనపల్లె వారికి బెంగుళూరే కాక కువైటు కూడ తెలిసిన చోటే. చదువుకొన్న బిడ్డలు కొందఱు అమెరికా చేరిరి. వానను నమ్మరాని మెట్టసీమ గనుక, బ్రదుకుతెరువు వెదకుచు పోవుట మనకు క్రొత్త గాదు.

పోయినచోట ఒక ప్రాంతమువారు నలుగురు కలసినచో సంఘము పుట్టును. అమెరికా తెలుగువారి పెద్ద సంఘమగు తానా 1977లో ఏర్పడినది. చిన్న సంఘములును కలవు. మొదట అవి రోగమునకు, చావునకు అక్కఱకు వచ్చును. పిమ్మట చూపు సొంతయూరిపైకి మఱలును. బడికి గది, త్రాగునీటి యంత్రము, గుడికి ప్రాకారము, ఇట్టివానికి చందాలు వచ్చును.

మెక్సికో దేశమున జకటేకాస్ రాష్ట్రము మన సీమవలెనే వానలు తక్కువైనది. అచ్చటినుండి అమెరికాకు వలసపోయినవారు ఊరిపేర సంఘములు పెట్టుకొనిరి. 1986లో వారి చందాకు సమానముగా ప్రభుత్వము ధనము చేర్చసాగెను. 2002 నుండి దేశమంతటను, సంఘమిచ్చు ఒక వంతునకు కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వములు తలకొక వంతు కలిపెను. 2020లో ఆ పథకము నిలిచిపోయెను. మన రాష్ట్రమున 1997లో ఆరంభమైన జన్మభూమి ఊరివారి శ్రమదానమును, చందాను కోరినది. అదియు గడచిన మాటయే. సర్కారు వాటా వచ్చిపోవునది. ఊరి పూనికయే నిలుచునది.

నేను గమనించినది ఒకటి కలదు. కట్టుటకు ధనము వచ్చినంత సులువుగా నడపుటకు రాదు. నీటియంత్రమున వడపోత పొర మార్చవలయును, కరెంటు బిల్లు కట్టవలయును, చూచుకొనువానికి జీతమీయవలయును. ఇవి లేనినాడు దాత పేరు చెక్కిన రాయి మిగులును గాని నీళ్ళు రావు. ఎండలో చెమటోడ్చిన సొమ్మునకు ఈ గతి పట్టరాదు. కావున ఊరికేమి కావలయునో రచ్చబండకడ, ఆడవారినిగూడ అడిగి, మీరే నిశ్చయింపుడు. నడుపు ఖర్చు ఎవరిదో ముందే వ్రాసికొనుడు.

చట్టమునుగూడ ఎఱుగవలయును. భారత పౌరుడుగనే యున్నవాడు కువైటునుండి తన సంపాదనలో బ్యాంకుద్వారా పంపునది విదేశీ విరాళము గాదు. అమెరికా పౌరసత్వము పొందినవాడు ఊరి సంఘమునకు పంపునది విదేశీ విరాళమే. 2010 నాటి చట్టమునుబట్టి, కేంద్రప్రభుత్వపు అనుమతి లేనిదే సంఘము దానిని పుచ్చుకొనరాదు.

ఏటేట జమాఖర్చులను పదుగురి యెదుట చదివి, నకలు దూరమున నున్నవారికి పంపుడు. లెక్క సరిగా ముట్టిన ఊరికే రెండవమాఱు చందా వచ్చును.