సరకుల లారీలును చట్టమును

పూర్వము మన యూళ్ల ధాన్యము ఎడ్లబండ్లమీదను, కాలువ పడవలమీదను పట్టణములకు జేరుచుండెను. నేడు బియ్యపు బస్తాలు, సిమెంటు, చీమకుర్తి నల్లరాయి, తుదకు మన పాఠ్యపుస్తకములును లారీలమీదనే వచ్చుచున్నవి. చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు 16వ జాతీయ రహదారి ఒంగోలు, విజయవాడ, విశాఖపట్టణముల మీదుగా సాగుచున్నది. ఆ బాటప్రక్కనే బడిపిల్లలును నడచుచున్నారు. కావున లారీలను గూర్చిన చట్టము వాని యజమానులకే గాక మనకందరకును తెలిసికొనదగినది.

ఈ బండ్లకు ప్రత్యేక నిబంధన లేల? కదలుచున్న వస్తువునందలి శక్తి దాని బరువును బట్టియు, వేగముయొక్క వర్గమును బట్టియు హెచ్చునని మన పై తరగతుల విద్యార్థులు చదివియే యున్నారు. గంటకు 40 కిలోమీటర్లు నడచు లారీ 80 కిలోమీటర్ల వేగ మందినచో దాని శక్తి రెండింతలు గాదు, నాలుగింత లగును. ఆ శక్తిలో నధికభాగము బ్రేకులయందు వేడిగా మారినగాని బండి నిలువదు. బరువు మితిమీరినచో బ్రేకులు కాగి పట్టు సడలును. కొండదారి దిగునపుడు ఈ యపాయము మరింత యధికము.

బాటకును హాని గలదు. 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షలవలన, ఇరుసుమీది బరువుయొక్క నాలుగవ ఘాతము చొప్పున బాట చెడునని స్థూలముగా తేలినది. బరువు ఐదవవంతు హెచ్చినచో హాని యించుమించు రెండింత లగునన్నమాట.

మన దేశమున 1914లో నొకటియు, 1939లో నొకటియు మోటారు బండ్ల చట్టములు పుట్టెను. ఇప్పుడు నడచుచున్నది 1988 నాటి చట్టము. 1989 జూలై 1వ తేదీనుండి యిది యమలునకు వచ్చెను. ఇందలి రక్షణ నిబంధనలను బండి, బరువు, వేగము, మనిషి అని నాలుగు విధములుగా దలచవచ్చును.

బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు లేనిదే రిజిస్ట్రేషను చెల్లదు. 2018లో మార్చిన నిబంధన ప్రకారము ఎనిమిదేండ్లలోపు బండికి రెండేండ్ల కొకసారియు, అటుపై నేటేటను పరీక్ష జరుగవలెను. జనులు బ్రేకు ఇనస్పెక్టరని పిలుచు నధికారి చేసిన యీ పరీక్షను నేడు కొన్నిచోట్ల యంత్రములే చేయుచున్నవి.

బరువు విషయమున, నాలుగు టైర్లుగల యొంటి యిరుసుమీద 10.2 టన్నులుగా నున్న హద్దును ప్రభుత్వము 2018లో 11.5 టన్నులకు బెంచెను. దీనివలన రాకపోకలు తగ్గుననుట నిజమే గాని, పై లెక్కను బట్టి బాటకు భారము హెచ్చెననియు మరువరాదు. హద్దు మీరినవారికి 2019 నాటి సవరణ 20,000 రూపాయలును, అధికమైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలును జుల్మానా విధించెను. అయిదు టన్నులు మించినచో 30,000 రూపాయలగును. అంతేగాక, ఎక్కువైన సరకు దింపినగాని బండి కదలరాదు. ఇదియే ముఖ్యము. రొక్కము చెల్లించి సాగిపోవచ్చునన్నచో జుల్మానా యొక సుంకమే యగును గాని రక్షణ కాదు.

వేగమునకై 2015 అక్టోబరు 1వ తేదీనుండి తయారగు పెద్ద లారీలకు 80 కిలోమీటర్లు మించనీయని సాధనము నమర్చవలెనని నిర్ణయించిరి. మనిషి విషయమున, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము సాధారణముగా దినమునకు 8 గంటల పనియు, అయిదుగంటల పని కడపట నరగంట విశ్రాంతియు విధించెను. 2025 అక్టోబరునుండి తయారగు పెద్ద లారీలలో డ్రైవరు కూర్చుండు గది చల్లగా నుండునట్లు యంత్ర ముంచవలెనని 2023లో ప్రకటించిరి. మే నెల యెండలో ఇంజనుప్రక్క గూర్చున్నవాని యలసట యెట్టిదో చెప్పనక్కరలేదు.

ప్రమాదము జరిగినచోట జనులు డ్రైవరునే పట్టుకొందురు. తప్పు వానిదైనచో శిక్ష న్యాయమే. కాని బస్తాలు మితిమీరి వేయించినవారెవరు? అరిగిన టైరు మార్పింపనివారెవరు? తెల్లవారకముందే సరకు చేర్చుమని తొందరించినవారెవరు? మితిమించిన బరువు తోలిన డ్రైవరు యజమాని కానిచో, యజమాని యెరిగియో ఆజ్ఞాపించియో యది జరిగెనని న్యాయస్థానము భావింపవచ్చునని చట్టములోని 113వ విభాగము చెప్పుచున్నది. కూలికి బ్రతుకు డ్రైవర్ల, క్లీనర్ల బిడ్డలకు బోధించు మావంటివారికి ఈ వాక్యము మిక్కిలి విలువగలదిగా దోచుచున్నది. ఇది పుస్తకమునందే యుండిపోక ప్రతి కాటాయొద్దను పనిచేయవలెను.

క్రొత్తయిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టింపవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున విధి కలదు. అచట బాధ్యత పడినవానిమీదగాక యింటివానిమీద మోపబడినది. విద్యార్థులారా, రేపు మీలో కొందరు లారీలు కొందురు, కొందరు తోలుదురు, కొందరు తనిఖీ చేయుదురు. మీ మిద్దెకు పిట్టగోడ యేదో యిప్పుడే తెలిసికొనుడు.