గొడుగు వెంట ప్రాగ్

గంట కొట్టడానికి ఇంకా అయిదు నిమిషాలు ఉందనగానే చెక్ రాజధాని ప్రాగ్‌లో పాత టౌన్‌హాలు కింద కాలు మోపే చోటుండదు. తలలన్నీ పైకే, ఫోన్లన్నీ గాల్లోనే. వాన లేకపోయినా ఆ జనం మధ్య అక్కడక్కడా రంగురంగుల గొడుగులు పైకి లేచి కనిపిస్తాయి. అవి గైడ్లవి. ఎవరి గొడుగు చుట్టూ వాళ్ల గుంపు మూగి ఉంటుంది. గంట వేళకి టౌన్‌హాలు గోడ మీది గడియారం పక్కనున్న అస్థిపంజరం తాడు లాగుతుంది, ఇసుక గడియారాన్ని తిప్పుతుంది. పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుంటాయి. క్రీస్తు అపొస్తలులు పన్నెండుమంది ఒకరి వెనక ఒకరు తొంగిచూసి వెళ్లిపోతారు. ఆఖర్న బంగారు కోడి కూస్తుంది. అంతా కలిపి ఓ నిమిషం. "ఇంతేనా?" అన్న మాట అప్పుడు నాలుగైదు భాషల్లో వినిపిస్తుంది.

గైడ్ పని మొదలయ్యేది ఆ తర్వాతే. ముందుగా వచ్చేది హనుష్ కథ. ఈ గడియారాన్ని చేసిన హనుష్ మరో ఊరికి ఇలాంటిదే చేసిపెడతాడేమోనని నగరపెద్దలు అతని కళ్లు పొడిపించారట. చూపు పోయిన హనుష్ శిష్యుడి చెయ్యి పట్టుకుని పైకెక్కి, యంత్రంలో చెయ్యి పెట్టి దాన్ని ఆపేశాడట. తాజ్‌మహల్ కట్టిన పనివాళ్ల చేతులు నరికించారని మన దగ్గర చెప్పుకునేది కూడా ఈ కోవలోదే. రెంటికీ ఆధారాల్లేవు. గడియారాన్ని 1410లో చేసినవాడు కడాన్ ఊరివాడైన మికులాష్. లెక్కల్లో అతనికి సాయపడినవాడు ఖగోళ శాస్త్రవేత్త యాన్ షిందెల్ అంటారు. హనుష్ అనే మనిషి ఉన్నమాట నిజమే కానీ, అతను చాలాకాలం తర్వాత దీన్ని బాగుచేసినవాడు.

మామూలు గైడ్ కళ్లు పొడిపించిన దగ్గర కథ ఆపి ముందుకు నడుస్తాడు. మంచి గైడ్ ఇంకో రెండు వాక్యాలు చెబుతాడు. ప్రాగ్‌లో ఎవరి వెంట నడవాలో తేల్చుకోవడానికి ఈ ఒక్క పరీక్ష చాలు. ఎందుకంటే ఈ ఊళ్లో రాయికో కథ ఉంది, చాలా కథల పక్కనే వేరే చరిత్ర కూడా ఉంది. తరచుగా ఆ చరిత్రే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

గడియారం సంగతే చూడండి. తొంగిచూసే ఆ కొయ్య అపొస్తలులు మధ్యయుగం నాటివాళ్లనుకుంటారు చాలామంది. 1945 మే నెలలో, యుద్ధం ముగిసే ఆఖరి రోజుల్లో, జర్మన్ సేనలు టౌన్‌హాలు మీద కాల్పులు జరిపితే అప్పటి బొమ్మలు కాలిపోయాయి. ఇప్పుడున్నవి ఆ తర్వాత కొత్తగా చెక్కినవి. 1948లో గడియారం మళ్లీ నడిచింది. కింద ఉన్న నెలల పలకకి మూలం 1866లో చిత్రకారుడు యోసెఫ్ మానెస్ వేసింది. 2018లో పెద్ద మరమ్మతు చేసి దాని కొత్త నకలు బిగించారు. నాలుగేళ్లకు గొడవ మొదలైంది: నకలులోని ముఖాలు మానెస్ గీసినట్టు లేవని, వయసులూ కవళికలూ మారిపోయాయని వారసత్వ కట్టడాల అభిమానులు ఫిర్యాదు చేశారు. అంతకుముందు ఎన్ని లక్షలమంది ఆ పలక కింద నిలబడి ఫొటోలు తీసుకున్నా ఎవరికీ అనుమానం రాలేదు.

తెలుగువాళ్లు ఈ గడియారం ముందు ఇంకాసేపు ఆగవచ్చు. నిజానికి ఇది గోడకెక్కిన పంచాంగం. బంగారు సూర్యుడు రాశిచక్రం మీదుగా కదులుతాడు. సగం నలుపు, సగం వెండి రంగున్న గోళం తిరుగుతూ చంద్రకళలు చూపిస్తుంది. బయటి వలయం మీద పాత గోథిక్ అంకెల్లో ఉన్న 24 గంటలు సూర్యాస్తమయం నుంచి లెక్క. ప్రాగ్ రాజధానిగా ఉన్న పాత బొహీమియా రాజ్యంలో రోజు మొదలయ్యేది అప్పుడే. లోపలి బంగారు గీతలు పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి. వేసవిలో ఆ భాగాలు పెద్దవి, చలికాలంలో చిన్నవి. పగటి ప్రమాణాన్ని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం కట్టే పద్ధతి తెలిసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక్క తేడా ఉంది. ప్రాగ్ సూర్యుడు మార్చి 20, 21 తేదీల్లోనే మేషంలోకి వెళ్తాడు. మన పంచాంగంలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో. అక్కడిది విషువత్తు నుంచి కొలిచే సాయన లెక్క, మనది నక్షత్రాలని బట్టి కొలిచే నిరయనం. ఇంకో సంగతి: ఈ గడియారానికి నిమిషాల ముల్లు లేదు. ఈ మాట గుర్తుంచుకుంటే ముందు వచ్చే చార్లెస్ వంతెన దగ్గర పనికొస్తుంది.

ప్రాగ్ నడిబొడ్డున ఇంత పాతది ఇంకా నిలిచి ఉండడం కొంత అదృష్టమే. రెండో ప్రపంచ యుద్ధంలో పక్కనున్న డ్రెస్డెన్ బూడిదైంది. ప్రాగ్ మీదా 1945 ఫిబ్రవరిలో బాంబులు పడ్డాయి కానీ పాత ఊరు చాలావరకు బయటపడింది. 1992లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జర్మనీలో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగు కుర్రకారుకి ఇది శనాదివారాల ఊరు. బెర్లిన్ నుంచి రైల్లో నాలుగు గంటల పైచిలుకు, డ్రెస్డెన్ నుంచైతే ఇంకా దగ్గర.

వాళ్లలో చాలామంది ఎంచుకునేది 'ఫ్రీ వాకింగ్ టూర్'. ముందు పైసా కట్టక్కర్లేదు. రెండు రెండున్నర గంటలు ఇంగ్లిష్‌లో చెబుతూ తిప్పి చూపించాక తోచినంత చేతిలో పెట్టాలి. నడక మొదట్లో గైడ్ గుంపంతటికీ ఒక ఫొటో తీస్తాడు. అది జ్ఞాపకం కోసమే కాదు. ఇలాంటి టూర్లు నడిపే సంస్థలు చాలావాటిలో గైడ్ తలకింత చొప్పున సంస్థకి తానే కట్టాలి, ఆ ఫొటో లెక్క కోసం. అంటే ఫ్రీ కదా అని మధ్యలో జారుకున్నవాడి ఖర్చు గైడ్ జేబులోంచి పోతుంది. ముందే రుసుము కట్టే టూర్లలో ఈ ఇరకాటం లేదు, గుంపూ చిన్నదే. గైడ్లకి గుర్తింపు కార్డు ఉండాలని అక్కడి చట్టం. అందులో రెండు స్థాయిలున్నాయి, అర్హత నిరూపించుకున్నవాళ్లకి ఇచ్చేది రెండోది. మెడలో కార్డు ఏదో అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

టౌన్‌హాలు తూర్పు గోడ పక్కన నేల మీద తెల్లరాళ్లతో పొదిగిన శిలువలు 27 ఉన్నాయి. గడియారం చూసే జనంలో చాలామంది వాటిని తొక్కుకుంటూ పోతారు. 1621 జూన్ 21న ఇక్కడ 27 మందికి మరణశిక్ష అమలు చేశారు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మీద తిరగబడి, అంతకు ముందు ఏడాది తెల్లకొండ యుద్ధంలో ఓడిపోయిన పక్షం వాళ్లది. ప్రభువులు, వీరులు, ఊరి పెద్దలతో పాటు వైద్యుడు యాన్ యెస్సేనియస్ కూడా వారిలో ఉన్నాడు. 1600లో ఇదే ఊళ్లో జనం చూస్తుండగా శవపరీక్ష చేసి చూపించిన మనిషి. తల తీసింది యాన్ మిద్లార్ష్ అనే తలారి. పన్నెండు తలల్ని వంతెన బురుజుకి వేలాడదీసి పదేళ్లు అలాగే ఉంచారు. ఇక్కడ కట్టుకథ అవసరం పడదు. గైడ్ గొంతు కొద్దిగా తగ్గుతుంది, అంతే.

ఉత్తరంగా కొంచెం నడిస్తే యూదుల పేట యోసెఫోవ్. సుమారు 1270లో కట్టిన పాతకొత్త సినగాగ్‌లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. దాని అటకమీద మట్టిమనిషి గోలెమ్ పడి ఉన్నాడని, యూదుల్ని కాపాడడానికి గురువు రబ్బీ లోఉ వాణ్ని చేశాడని కథ. రబ్బీ లోఉ నిజంగా ఉన్నాడు, 1609లో చనిపోయాడు. అతనికీ గోలెమ్‌కీ ముడిపెట్టిన కథ అచ్చులో కనిపించేది మాత్రం 19వ శతాబ్దంలో. దగ్గర్లోని పాత శ్మశానంలో అతని సమాధి మీద జనం గులకరాళ్లూ మడత పెట్టిన చీటీలూ ఉంచుతారు. ఆ శ్మశానంలో చోటు చాలక పాత సమాధుల మీద మట్టి పోసి కొత్తవి పెట్టుకుంటూ పోయారు. అన్ని పొరల రాళ్లూ పైకి చేర్చడంతో దాదాపు 12,000 ఫలకాలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, కొన్ని సగం కూరుకుపోయి ఉంటాయి. అన్నింటికంటే పాతది 1439 నాటిది. పక్కనే పింకాస్ సినగాగ్ గోడల మీద నాజీల చేతిలో చనిపోయిన బొహీమియా, మొరావియా యూదుల పేర్లు దాదాపు 80,000, చేత్తో రాసినవి. కమ్యూనిస్టుల కాలంలో ఆ మందిరం మూతపడి పేర్లు పాడైతే 1990లలో మళ్లీ మొదటి నుంచి రాశారు. ఇక్కడికి టికెట్ కొనాలి, ఉచిత టూర్లు బయటే ఆగిపోతాయి. డబ్బు దాచుకోవాలనుకుంటే వేరేచోట దాచుకోవడం మేలు.

ఆ వేరేచోట్లలో మొదటిది దారి పొడవునా కనిపించే త్రుదెల్నిక్. చుట్ట చుట్టి కాల్చి చక్కెర అద్దిన రొట్టె, లోపల ఐస్‌క్రీమ్. 'పాత బొహీమియా రుచి' అని బోర్డులు. స్లొవాకియాలో స్కలిత్స ఊరి త్రుదెల్నిక్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది కానీ, ప్రాగ్‌లో ఇది పర్యాటకుల కోసం పుట్టుకొచ్చిన సంప్రదాయం. రెండోది డబ్బు మారకం. ఇక్కడ యూరో కాదు, కొరునా. రేటు చూసుకోకుండా సందు చివరి కౌంటర్లో నోట్లిచ్చి మోసపోయినవాళ్లకి 2019 నుంచి చట్టంలో ఓ వెసులుబాటు ఉంది: వెయ్యి యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు. రశీదు పారేయకూడదు.

చార్లెస్ వంతెన 516 మీటర్లు, 16 కమానులు, ఇరువైపులా 30 విగ్రహాలు. 1342 వరదకి పాత వంతెన కొట్టుకుపోతే నాలుగో చార్లెస్ 1357లో దీనికి శంకుస్థాపన చేశాడు. జ్యోతిష్యులు చెప్పిన ముహూర్తానికి, 1357లో 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకి రాయి వేశారని గైడ్లు చెబుతారు. అంకెలన్నీ బేసివే, ఎక్కుతూ దిగుతూ 135797531. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ ఆ తర్వాత యాభై ఏళ్లకి చేసిన టౌన్‌హాలు గడియారానికే నిమిషాల ముల్లు లేనప్పుడు ఆ 31వ నిమిషాన్ని ఎవరు చూసి రాసుకున్నారు?

వంతెన మీద 1683లో పెట్టిన నెపొముక్ యాన్ కంచు విగ్రహం దగ్గర క్యూ ఉంటుంది. కింది ఫలకాల్లో రెండుచోట్ల కంచు మాత్రం బంగారంలా మెరుస్తుంది, వేలవేల చేతులు రుద్ది రుద్ది. ఒకచోట నదిలోకి పడుతున్న మతాధికారి యాన్, ఇంకోచోట ఓ కుక్క. రాణి పాప నివేదనలో ఏం చెప్పుకుందో బయటపెట్టనన్నందుకు రాజు యాన్‌ని నదిలో తోయించాడని కథ. రికార్డుల్లో కనిపించేది ఆర్చిబిషప్పుకీ నాలుగో వాత్స్‌లవ్ రాజుకీ మధ్య నడిచిన అధికారపు తగాదా. ఒక మఠాధిపతి నియామకం దగ్గర యాన్ రాజుకి అడ్డుపడి, చిత్రహింసలకు గురై, 1393లో నదిపాలయ్యాడు. 1729లో పునీతుడయ్యాడు. అతన్ని తోసిన చోటుగా చెప్పే దగ్గర పిట్టగోడ మీద అయిదు నక్షత్రాలతో చిన్న ఇత్తడి శిలువ ఉంటుంది. అక్కడ క్యూ ఉండదు.

నది దాటి మెట్లెక్కితే కోట. దాదాపు 70,000 చదరపు మీటర్ల ఆవరణ. అందులో సెయింట్ వీటస్ కెథడ్రల్ 1344లో మొదలై 1929లో పూర్తయింది. గైడ్లకి ఇష్టమైనది మాత్రం ఒక కిటికీ. 1618 మే 23న ప్రొటెస్టెంటు ప్రభువులు చక్రవర్తి ప్రతినిధులిద్దర్నీ, వాళ్ల గుమాస్తానీ అందులోంచి బయటికి విసిరేశారు. ఇరవై మీటర్ల పైనుంచి పడ్డా ముగ్గురూ బతికారు. మేరీమాత పట్టుకుందన్నారు కేథలిక్కులు. పెంటకుప్ప మీద పడ్డారన్నారు అవతలివాళ్లు. ఆ గుమాస్తాకి తర్వాత చక్రవర్తి బిరుదిచ్చాడు: 'హోహెన్‌ఫాల్'. అర్థం, ఎత్తు నుంచి పడినవాడని! ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైందీ ఆ కిటికీ దగ్గరే, పాత టౌన్‌హాలు పక్కనున్న 27 శిలువలకి మూలమూ అదే.

జనం పెరిగేకొద్దీ ప్రాగ్ విసుక్కుంటోంది కూడా. రాత్రుళ్లు గుంపుల్ని బారు నుంచి బారుకి తిప్పే గైడ్ యాత్రల్ని 2024లో నగర మండలి రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధించింది. వంతెనని వంతెనలా చూడాలంటే తెల్లవారుజామున రావాలి.

చాలా టూర్లలో వాత్స్‌లవ్ చౌరస్తాకీ చోటుంటుంది. 1969 జనవరిలో సోవియట్ ఆక్రమణకి నిరసనగా విద్యార్థి యాన్ పలాఖ్ ఒంటికి నిప్పంటించుకున్నది ఇక్కడే. 1989 నవంబరులో కమ్యూనిస్టు పాలన పోవాలని లక్షలమంది తాళంచెవుల గుత్తులు గలగలలాడిస్తూ నిలబడిందీ ఇక్కడే. యాభై దాటిన గైడ్ దొరికితే పురాణం చెప్పడు. ఆ రోజుల్లో తనకు గుర్తున్నవి చెబుతాడు. అదే చౌరస్తాలో 1929లో కట్టిన ఎత్తయిన గాజు భవనం ముందు తెలుగువాళ్లు మాత్రం బోర్డు చూసి ఆగిపోతారు: బాటా. చిన్నప్పుడు బడికి కొన్న నల్లబూట్ల కంపెనీ, మనదేననుకున్నది, 1894లో ఈ దేశంలోని జ్లీన్ ఊళ్లో పుట్టింది. కోల్‌కతా పక్కన బాటానగర్ వచ్చింది ఆ తర్వాతే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇక్కడి ఆస్తుల్ని ప్రభుత్వం జాతీయం చేసింది. 1989 మార్పు తర్వాతే బాటా మళ్లీ ఈ దేశంలోకి రాగలిగింది.