తీసివేసిన టాన్సిల్స్ మళ్ళీ పెరుగుతాయా?

గొంతులోంచి ఒకసారి తొలగించిన కండ తిరిగి మొలవటం సాధ్యమేనా? తల్లిదండ్రులను కలవరపెట్టే ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం చెప్పే సమాధానం "అవును" కాదు, "కాదు" కాదు. "ఎంత తీశారు?" అన్నదే.

ఉక్కు నగరమైన భిలాయిలో వీధుల పేర్లకన్న సెక్టార్ల అంకెలే ఎక్కువ వాడుకలో ఉంటాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడ కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలిమి వెలుగును నమ్ముకొని ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం ఇక్కడే స్థిరపడ్డాయి. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా వారి నోట వచ్చే మాట "సెక్టార్ తొమ్మిది". అక్కడ ఉన్నది జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి.

చెవి, ముక్కు, గొంతు వైద్యుల గది ముందు, భిలాయిలోనైనా బెజవాడలోనైనా, తల్లులు వేసే ప్రశ్న ఒకటున్నది: "వీడికి నాలుగేళ్ళప్పుడే టాన్సిల్స్ తీయించేశాం గదండీ! మళ్ళీ గొంతు వాచిందేమిటి? అవి తిరిగి పెరిగాయా?" ఈ ప్రశ్న వెనుక కుతూహలం కన్న భయమే ఎక్కువ. బిడ్డను మరొకసారి మత్తుమందుకూ కత్తికీ అప్పగించవలసి వస్తుందేమోనన్న భయం అది.

గొంతు వాకిట కాపలాదారులు

అద్దం ముందు నిలబడి నోరు బాగా తెరిస్తే, మధ్యలో వ్రేలాడేది కొండనాలుక. దానికి ఇరుప్రక్కలా ఉబ్బెత్తుగా కనిపించేవే టాన్సిల్స్. అయితే అవి ఒంటరివి కావు. ముక్కు వెనుక భాగంలో అడినాయిడ్లు, నాలుక మొదట మరికొంత అదే జాతి కణజాలం ఉంటాయి. ఇవన్నీ కలిసి గొంతు చుట్టూ ఒక వలయంగా ఏర్పడతాయి. పందొమ్మిదవ శతాబ్దంలో దీనిని వర్ణించిన జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు వాల్డేయర్ పేరే ఆ వలయానికి స్థిరపడిపోయింది. గాలితోనూ ఆహారంతోనూ లోపలికి వచ్చే సూక్ష్మజీవులను గుర్తించి, శరీర రక్షణ వ్యవస్థకు వాటిని పరిచయం చేయటం దీని పని.

సుమారు మూడు నుంచి ఏడేళ్ళ వయస్సులో టాన్సిల్స్ బాగా పెద్దవిగా కనిపిస్తాయి. యౌవనం వచ్చేసరికి సాధారణంగా వాటంతట అవే కుంచించుకు పోతాయి. కనుక పిల్లవాని గొంతులో పెద్ద టాన్సిల్స్ కనిపించినంత మాత్రాన అది రోగమని భావించనక్కరలేదు.

వ్రేలితో మొదలై, కత్తెర వరకు

మన సుశ్రుతుడు "తుండికేరి" అన్న పేరుతో పత్తికాయ వంటి గొంతువాపును వర్ణించాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ టాన్సిల్‌ను చుట్టూ వ్రేలితో గీరి, మొదలంటా పెరికివేయమన్నాడు. మత్తుమందు లేని ఆ రోజులలో రోగి పడిన బాధను ఊహించవచ్చు!

1828లో అమెరికన్ శస్త్రవైద్యుడు ఫిలిప్ సింగ్ ఫిజిక్, కొండనాలుకను కత్తిరించేందుకు ఉద్దేశించిన ఒక పరికరాన్ని మార్చి, టాన్సిల్స్‌కు ఉపయోగించాడు. ఫ్రెంచి విప్లవకాలపు శిరచ్ఛేద యంత్రం పేరే దానికీ వచ్చింది: గిలెటిన్. పని క్షణాలలో పూర్తయ్యేది. కాని ఉబ్బిన పైభాగం తెగిపోయినా, అడుగు భాగం తరచు గొంతులోనే మిగిలిపోయేది. మిగిలిన ఆ కొద్దిపాటి కణజాలం మళ్ళీ పెరిగి పాత బాధలనే తెచ్చిపెట్టేది. "టాన్సిల్స్ మళ్ళీ పెరుగుతాయి" అన్న మాటకు బలం చేకూరింది ఇక్కడే. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో శస్త్రవైద్యులు టాన్సిల్‌ను దాని పొరతో సహా పూర్తిగా విడదీసి తీయటం అలవరచుకొన్నారు.

ఆ పొరలోనే అసలు రహస్యం ఉన్నది. టాన్సిల్‌ను గొంతు కండరం నుంచి వేరు చేస్తూ పలుచని సంచి వంటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొరతో సహా మొత్తం తొలగిస్తే అక్కడ తిరిగి పెరిగేందుకు విత్తనమే మిగలదు. వెంట్రుకనూ గోరునూ పుట్టించే మూలం చర్మంలో ఉన్నది కనుక అవి మళ్ళీ వస్తాయి. టాన్సిల్ విషయంలో మూలమే బయటకు పోతుంది. కొద్దిపాటి కణజాలం మిగిలితే మాత్రం, ముఖ్యంగా చిన్నపిల్లలలో, అది ఉబ్బవచ్చు.

అడినాయిడ్ల సంగతి వేరు. వాటికి ఇటువంటి స్పష్టమైన పొర లేదు. అందుచేత వాటిని పూర్తిగా తీయటం కష్టం, తిరిగి పెరగటం టాన్సిల్స్‌కన్న సులభం.

కావాలనే కొంత మిగిల్చితే?

ఇటీవలి దశాబ్దాలలో శస్త్రవైద్యులు కొందరు పిల్లల విషయంలో మళ్ళీ "పాక్షిక" పద్ధతికి వచ్చారు. కాని ఇది గిలెటిన్ కాలపు అసంపూర్ణత కాదు, తెలిసి చేసే ఎంపిక. టాన్సిల్‌లో చాలాభాగం తొలగించి, పొరనూ దాని మీది పలుచని కణజాలాన్నీ ఉంచివేస్తారు. క్రింది కండరానికి గాయం తగలదు కనుక నొప్పి తక్కువ, రక్తస్రావ ప్రమాదమూ తక్కువ. ఇందుకు ప్రతిఫలంగా, కొద్దిమంది పిల్లలలో టాన్సిల్స్ తిరిగి పెరిగే అవకాశాన్ని అంగీకరించవలసి వస్తుంది. వయస్సు తక్కువైన కొద్దీ ఆ అవకాశం ఎక్కువ.

అన్నీ పునర్జన్మలు కావు

ఆపరేషన్ తరువాత గొంతులో తెల్లని పొర కనిపిస్తే అది మళ్ళీ మొలిచిన టాన్సిల్ కాదు. మానుతున్న పుండుపై ఏర్పడిన పొర అది. కొద్ది రోజులలో రాలిపోతుంది. ఏండ్ల తరువాత గొంతునొప్పి వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. టాన్సిల్స్ లేకపోయినా గొంతు ఉన్నది, జలుబు తెచ్చే వైరస్‌లూ ఉన్నవి. నాలుక మొదట ఉండే కణజాలం ఉబ్బినా టాన్సిల్స్ తిరిగి వచ్చినట్లే తోస్తుంది.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. పెద్దవారి గొంతులో ఒకే ప్రక్కన గడ్డ పెరగటం, మెడలో బిళ్ళ కట్టటం, మింగటం కష్టం కావటం, ఉమ్మిలో రక్తం కనిపించటం జరిగితే, "పాత టాన్సిల్ మళ్ళీ పెరిగింది" అని సరిపెట్టుకోరాదు. అది క్యాన్సర్ కావచ్చు. పొగాకు, గుట్కా, మద్యం అలవాటున్నవారు మరింత జాగ్రత్తపడాలి. వెంటనే వైద్యునికి చూపించుకోవాలి.

కత్తి ఎప్పుడు?

1934లో న్యూయార్క్‌లో పదకొండేళ్ళ పిల్లలు వెయ్యిమందిని పరిశీలించారు. నూటికి 61 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసివేశారు. మిగిలినవారిని వైద్యులు చూసి, దాదాపు సగంమందికి ఆపరేషన్ అవసరమన్నారు. అవసరం లేదన్నవారిని మరికొందరు వైద్యులకు చూపితే, వారూ దాదాపు సగంమందిని ఎంచారు! మూడవసారి కూడ అదే కథ. చివరకు ఆపరేషన్ తప్పిన పిల్లలు 65 మంది మాత్రమే. కొలబద్ద లేని తీర్పు ఎంతటిదో ఈ ఉదంతం చాటింది.

నేడు కొలబద్ద ఉన్నది. ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్ళు ఏటా అయిదుసార్లు, లేదా మూడేళ్ళు ఏటా మూడుసార్లు తీవ్రమైన గొంతు ఇన్‌ఫెక్షన్ వస్తేనే ఆపరేషన్ సంగతి ఆలోచించాలని వైద్యులు సాధారణంగా భావిస్తారు. నిద్రలో గురకపెడుతూ బిడ్డ ఊపిరి ఆగి ఆగి సాగటం మరొక ముఖ్య కారణం. తిరిగి పెరిగిన టాన్సిల్స్‌కూ ఇదే న్యాయం. పెరిగినవి బాధించకపోతే వాటి జోలికి పోనక్కరలేదు.

అనవసర వైద్యాన్ని ప్రశ్నించటం భిలాయి పరిసరాలకు కొత్తకాదు. ఈ కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించిన దల్లీ రాజహరాలో గని కార్మికులు 1983లో షహీద్ ఆసుపత్రిని స్థాపించుకొన్నారు. అవసరం లేని ఇంజక్షన్లు, మందులు వాడవద్దని ఆ ఆసుపత్రి ప్రజలకు నచ్చజెప్పింది. అట్లాగని అవసరమైన చికిత్సను వాయిదా వేయటమూ వివేకం కాదు. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పిని అశ్రద్ధ చేస్తే కీళ్ళవాతజ్వరం వచ్చి, గుండె కవాటాలు చెడవచ్చు. వైద్యుడు రాసిన యాంటీబయాటిక్‌ను చివరి మాత్ర వరకు వాడాలి.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవారు ఊరకే అనలేదు. బిడ్డకు ఆపరేషన్ చేయిస్తే, పూర్తిగా తీశారా, కొంత ఉంచారా, అడినాయిడ్లు కూడ తీశారా అన్నది అడిగి తెలుసుకొని, ఆసుపత్రి ఇచ్చిన కాగితాన్ని భద్రంగా దాచుకోవటం మంచిది. ఏళ్ళ తరువాత ఆ గొంతు మళ్ళీ వాచిననాడు వైద్యునికి సగం జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది.