కల్పించిన భాషలు - కాలం మలచిన భాషలు

తెలుగునాట పిల్లల ఆటలలో 'క' భాష ఒకటి. మాటలోని ప్రతి అక్షరానికి ముందు ఒక 'క' చేర్చి పలకటమే దాని రహస్యం. 'మనం' అన్నది 'కమకనం' అవుతుంది. 'నువ్వు రా' అన్నది 'కనుకవ్వు కరా' అవుతుంది. సూత్రం తెలియని పెద్దలకు అది అర్థంలేని గోల. తెలిసిన పిల్లలకు మాత్రం అందులో ఒక్క మాటైనా పోదు. ఎందుకంటే మార్పు ఎప్పుడూ ఒకే విధంగా జరుగుతుంది. ఒక మాటకు 'క' చేర్చి మరొక మాటకు మానివేయటం ఉండదు.

ఈ చిన్న ఆటలో రెండు విద్యల బీజం ఉన్నది. మొదటిది క్రొత్త భాషలను కల్పించటం. ప్రపంచంలో చాలామందికి ఇది ఒక వినోదం. రెండవది ఉన్న భాషల ప్రాత రూపాలను కనుగొనటం. దీనిని చారిత్రక భాషాశాస్త్రం అంటారు. రెండింటికీ ఆధారం ఒకటే: భాషలోని ధ్వనులు ఇష్టం వచ్చినట్లు కాక, ఒక క్రమాన్ని అనుసరించి మారుతాయి.

ఊరి పేరే ఒక శాసనం

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. ఓరుగల్లు పేరునే తీసుకొందాము. దీనిని సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. 'ఓరు' అంటే ఒకటి, 'కల్లు' అంటే రాయి. కోటలోని ఒంటి కొండను బట్టి ఈ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఈనాటి తెలుగువాడు రాయిని 'కల్లు' అనడు. అంటే వినేవారు తాటిచెట్టు వంక చూస్తారు! కాని ఆ ప్రాతమాట పూర్తిగా పోలేదు. వంటింటిలోని 'సన్నెకల్లు'లో అది ఇంకా దాగి ఉన్నది. తమిళంలో రాయి 'కల్', త్రాగే కల్లు 'కళ్'. రెండూ వేరు వేరు ధ్వనులు. తెలుగులో ఆ తేడా చెరిగిపోయి రెండూ ఒకటే అయినాయి.

మరి 'కల్లు' ఎందుకు 'గల్లు' అయింది? రెండు అచ్చుల నడుమ పడిన పరుషం మెత్తబడటం తెలుగుకు అలవాటు. 1858 లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిన గసడదవాదేశం ఇటువంటి మార్పులకు చెందినదే. వ్యాకర్త దానిని సంధికార్యంగా చెప్పాడు. భాషా చరిత్రకారుడు అందులో ఒకనాటి ఉచ్చారణ మార్పు జాడను చూస్తాడు.

ఇక 'వరంగల్' సంగతి. ఇందులోని సున్న ఎక్కడిది? ఇది పరాయివారి నోట పుట్టిన తప్పు అని చాలామంది అనుకొంటారు. కాని ప్రాచీన కావ్యాలలో ఈ పేరు 'ఓరుఁగల్లు' అని అరసున్నతో కనబడుతుంది. అరసున్న చాలా చోట్ల ఒకప్పటి నిండు అనునాసికానికి మిగిలిన గుర్తు. ఢిల్లీ సుల్తానుల కాలపు పారసీక చరిత్రలలో ఈ నగరాన్ని 'అరంగల్' అన్నారు. తెలుగువాని నోట సన్నగిల్లి పోయిన ఆ సున్నను పరాయి భాష భద్రంగా దాచి పెట్టినదన్న మాట. చివరి ఉకారం మాత్రం అక్కడ నిలువలేదు. మొదటి వకారం మనకూ వింత కాదు. 'ఒకటి'ని 'వొకటి' అనేవారు నేటికీ ఉన్నారు.

సూత్రానికి ఆయుష్షు

ధ్వనుల మార్పులో క్రమం ఉన్నదని ఎలా తెలుస్తుంది? తెలుగు మాటలను ప్రక్కనున్న కన్నడంతో పోల్చి చూడండి. కన్నడిగులు చెవిని 'కివి' అంటారు. చెరువును 'కెరె' అంటారు. చెడు అనటానికి 'కెడు' అంటారు. చిరు అనటానికి 'కిరు' అంటారు. వారి కకారం ఉన్నచోట మనకు చకారం ఉన్నది. అయితే 'కాలు', 'కన్ను', 'కోడి' వంటి మాటలలో మనకూ కకారమే. కారణం వెదకితే దొరుకుతుంది: కకారం తరువాత ఇకారం గాని ఎకారం గాని ఉన్నప్పుడే అది చకారమైనది. ఆ అచ్చులను పలికేటప్పుడు నాలుక ముందుకు జరుగుతుంది. దానితోపాటు కకారం కూడా ముందుకు జరిగి చకారమయింది.

అయితే 'క్రింద' అనే మాటలో అట్లా ఎందుకు కాలేదు? అక్కడ కకారానికీ ఇకారానికీ నడుమ రేఫ అడ్డు నిలిచింది. తరువాతి కాలంలో ఆ రేఫ జారిపోయి వాడుకలో 'కింద' అయింది. కాని అప్పటికి పై సూత్రానికి కాలం చెల్లింది. అందుచేత 'కింద' మారి 'చింద' కాలేదు. అట్లాగే తరువాత వచ్చి చేరిన 'కిటికీ', 'కిరాయి' కూడా కకారంతోనే నిలిచాయి. ధ్వని సూత్రాలకు పుట్టుక ఉన్నది, ఆయుష్షు ఉన్నది, ముగింపు ఉన్నది. అవి ఏ వరుసలో వచ్చాయో తెలిస్తే తేదీలు లేని కాలానికి కూడా ఒక చరిత్ర వ్రాయవచ్చు.

లేని భాషను కనుగొనటం

సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలం నుండి పుట్టి ఉండవచ్చునని 1786 లో విలియం జోన్సు ప్రకటించాడు. దక్షిణాది భాషలు మరొక కుటుంబమని 1816 లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించాడు. ఆ వ్యాసం వెలువడినది క్యాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికలోనే. 1856 లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించాడు. తెలుగువారిలో ఈ శాస్త్రానికి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చినవారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి. తెలుగు ధాతువులను గురించిన వారి గ్రంథం 1961 లో వెలువడింది. తెలుగు తమిళ కన్నడాల కంటె గోండీ, కోయ, కొండ, కువి, కూయి భాషలకు దగ్గరి చుట్టమని వారి పరిశోధన వల్ల స్థిరపడింది.

మూడు అనే సంఖ్యను చూడండి. నేటి తెలుగులో 'మూడు', కన్నడంలో 'మూరు'. ఈ రెండే మిగిలి ఉంటే మూలభాషలో ఈ మాటలో నకారం ఉన్నదని ఎవరూ ఊహించలేరు. కాని తమిళంలో 'మూన్ఱు' ఉన్నది. గోండీలో 'మూండ్' ఉన్నది. మన కావ్యాలలో 'మూఁడు' ఉన్నది. నలుగురు సాక్షులలో ముగ్గురు నకారం జాడ చూపుతున్నారు. అందువల్ల మూలరూపంలో నకారం ఉన్నదని నిర్ణయించవచ్చు. ఇటువంటి రూపాల ముందు శాస్త్రజ్ఞులు ఒక నక్షత్రం గుర్తు పెడతారు. 'ఇది ఎక్కడా వ్రాసి కనబడలేదు, లెక్కకట్టి తేల్చినది' అని దాని భావం.

ఈ రూపాలమీద గట్టి నమ్మకంతో ఆగస్టు ష్లైఖర్ అనే జర్మను పండితుడు 1868 లో ఒక సాహసం చేశాడు. ఎవరూ వినని ఇండో-యూరోపియను మూలభాషలో గొఱ్ఱెను, గుఱ్ఱాలను గురించి ఒక చిన్న కథ వ్రాశాడు. తరువాతి పండితులు తమ తమ కాలపు జ్ఞానాన్ని బట్టి ఆ కథను మళ్ళీ మళ్ళీ సవరించి వ్రాశారు. పునర్నిర్మాణం ఎక్కడ ముగుస్తుందో, కల్పన ఎక్కడ మొదలవుతుందో ఆ కథలో చూడవచ్చు.

కల్పన చేసినవారు

భాషలను కల్పించినవారిలో కొందరిది లోకోపకార బుద్ధి. 1879-80 ప్రాంతంలో ష్లైయర్ అనే జర్మను మతాచార్యుడు వోలాప్యూక్ అనే భాషను చేశాడు. 1887 లో వార్సాలో జామెన్‌హోఫ్ అనే నేత్రవైద్యుడు ఎస్పరాంటోను ప్రకటించాడు. జాతుల మధ్య వైరం తగ్గటానికి అందరికీ సమానమైన ఒక భాష కావాలని ఆయన ఆశ. దానికి పదహారు సూత్రాల వ్యాకరణం చాలునన్నాడు. ఎస్పరాంటోను ఇంటిభాషగా నేర్చిన పిల్లలు కూడా ఉన్నారు.

మరికొందరిది కళాదృష్టి. ఆంగ్ల రచయిత టోల్కీన్ ఆక్స్‌ఫర్డులో ప్రాచీన ఆంగ్ల భాషాచార్యుడు. ఆయన ముందు ఒక మూలభాషను ఊహించుకొని, దానికి రెండు రకాల ధ్వని సూత్రాలను వర్తింపజేసి, రెండు సోదర భాషలను పుట్టించాడు. మూలభాషలో చెట్టుకు 'గలదా' అని మాట. ఒక కూతురి భాషలో మొదటి గకారం పోయి 'అల్ద' అయింది. రెండవదానిలో గకారం నిలిచి, చివరి అచ్చు పోయి 'గలధ్' అయింది. కల్పిత భాషకు ఆయన కల్పిత చరిత్రను కూడా ఇచ్చాడు. అందుచేతనే అవి నిజమైన భాషలవలె వినిపిస్తాయి.

మన ప్రేక్షకులకు బాగా తెలిసిన ఉదాహరణ 2015 లో వచ్చిన 'బాహుబలి' చిత్రంలోని కిలికి. కాలకేయుల కోసం దీనిని తమిళ కవి మదన్ కార్కి కల్పించారు. తెరమీద వినిపించినది కొద్దిసేపే అయినా, దానికి వందలకొద్దీ మాటలు, వ్యాకరణ సూత్రాలు ఏర్పరచారు.

మీరూ చేసి చూడండి

ఈ వినోదానికి కాగితం, పెన్సిలు చాలును. నాలుగు తెలుగు మాటలు వ్రాసుకోండి: ఆకు, పలక, రాగి, పులుగు. రెండు సూత్రాలు పెట్టుకోండి. ఒకటి: మాట చివరి ఉకారం పోవాలి. రెండు: రెండు అచ్చుల నడుమ ఉన్న కకారం గకారం కావాలి.

మొదటి సూత్రాన్ని ముందు వర్తింపజేయండి. 'ఆకు' ముందు 'ఆక్' అవుతుంది. తరువాత రెండవ సూత్రం దానిని తాకదు, కకారం తరువాత అచ్చు లేదు గనుక. ఇప్పుడు వరుస తిప్పి చూడండి. 'ఆకు' ముందు 'ఆగు' అయి, తరువాత 'ఆగ్' అవుతుంది. మూలం ఒకటే, సూత్రాలు అవే, వరుస మాత్రం మారింది. రెండు వేరు భాషలు పుట్టాయి! తక్కిన మూడు మాటలు రెండు భాషలలోనూ పలగ, రాగి, పులుగ్ అని ఒకే రూపంలో ఉంటాయి.

ఇప్పుడు ఈ రెండు కూతురి భాషలను మాత్రమే ఒక మిత్రునికి ఇచ్చి, తల్లిభాషను కనుగొనమనండి. 'ఆక్', 'ఆగ్' వేరుగా ఉన్నాయి గనుక మూలంలో అది కకారమని అతడు పసిగట్టగలడు. 'పులుగ్' రెండింటిలో ఒకటే గనుక అది గకారం. కాని 'పలగ', 'రాగి' మాటల దగ్గర అతని తెలివి సాగదు. రెండింటిలోనూ గకారమే కనబడుతున్నది. ఒకదానిలో ఒకప్పుడు కకారం ఉండేదని చెప్పే సాక్ష్యం ఎక్కడా మిగలలేదు. ఎంత మేధావి అయినా పోయిన సాక్ష్యాన్ని పుట్టించలేడు. కకారాన్ని మార్చకుండా ఉంచుకొన్న మూడవ సోదరి ఒకటి, ఏ అడవిలోనో, ఏ కొండమీదనో బ్రతికి ఉంటే తప్ప!

చిన్న భాష, పెద్ద సాక్ష్యం

ఇది ఆటలోని మాట మాత్రమే కాదు. ఓరుగల్లుకు తూర్పున ములుగు అడవులలో, సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మేడారం ప్రాంతంలో కోయలు నివసిస్తున్నారు. వారి భాష గోండీకి దగ్గరిది. మన తెలుగుకు సోదరి. దానికి తెలుగుకు ఉన్నన్ని గ్రంథాలు లేవు, శాసనాలు లేవు. తెలుగు పోగొట్టుకొన్న ధ్వని ఏదైనా వృద్ధుల నోట, పాటలలో, చెట్టు పేర్లలో, చుట్టరికపు మాటలలో మిగిలి ఉండవచ్చు. ఒక తరం ఆ భాషను మాట్లాడటం మానివేస్తే, దానితో పోయేది వారి సంపద మాత్రమే కాదు. మన చరిత్రకు కూడా ఒక సాక్షి పోతాడు. 2004 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండీ, కొలామీ మొదలైన ఎనిమిది భాషలలో ప్రాథమిక తరగతుల బోధన ప్రారంభించింది. పిల్లలు తల్లి నేర్పిన మాటతో బడిలో అడుగు పెట్టటం వారికి మేలు. ఆ మాట నిలవటం శాస్త్రానికి మేలు.

సాక్ష్యాన్ని భద్రపరచటానికి పండితుడే కానక్కరలేదు. మోరిస్ స్వాదేశ్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ఏ భాషలోనైనా ఉండే నూరు మాటల పట్టిక తయారు చేశాడు. నీరు, నిప్పు, కన్ను, చెవి, ఒకటి, రెండు, చెట్టు, రాయి వంటివి అందులో ఉన్నాయి. గిరిజన గ్రామాలలో పనిచేసే ఉపాధ్యాయులు, చదువుకొన్న కోయ యువకులు ఇటువంటి పట్టిక చేత పట్టుకొని, పెద్దల ఉచ్చారణను విన్నది విన్నట్లుగా వ్రాసి ఉంచితే అది ఒక శాసనంతో సమానం.

క్రొత్త భాషను కల్పించటం చక్కని వినోదం. దానివల్ల భాష ఎట్లా నడుస్తుందో, ఎట్లా మారుతుందో తెలుస్తుంది. కల్పించిన భాష కాగితం చిరిగిపోయినా మళ్ళీ కల్పించవచ్చు. కాలం మలచిన భాష ఒక్కటి పోతే, దానిని మళ్ళీ మలచటానికి అంత కాలం ఎవరి చేతిలోనూ లేదు.